నేను చెప్పని డిక్టేషన్

సిద్ధగోరాలో కంపెనీ మాకిచ్చిన క్వార్టరులో అంతకుముందున్నాయన ఆ ఇంట్లోనే పోయాడని, ఇంకా తిరుగుతున్నాడని వీధిలో అందరూ అనేవారు. రెండు కుటుంబాలు ఆ ఇల్లు మాకొద్దని తిరిగిచ్చేశాయి. మేం తీసుకున్నాం. వెనకాల జామచెట్టుంది, కుళాయి లోపలే ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. పదకొండేళ్లున్నాం. దొంగపిల్లి తప్ప ఆ ఇంట్లో మమ్మల్ని ఎవరూ భయపెట్టలేదు.

మా నాన్న రాజమండ్రిలో కాంపౌండరు. తాయెత్తు కట్టుకొచ్చిన రోగి చేత ముందు తాయెత్తు విప్పించి, తర్వాతే మందు కలిపిచ్చేవాడు. నేనూ అలాగే పెరిగాను. దెయ్యాలంటే అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయితే ఎనభై రెండులోనో మూడులోనో, ఒక చలికాలం పగటిపూట, నలభై మంది పిల్లల మధ్య నాకొకటి జరిగింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పటికి నాకు ఇరవయ్యారేళ్లు. మా ఆయనకి ఆ ఊరి ఉక్కు కంపెనీలో షిఫ్టు డ్యూటీ. అత్తగారు మాతోనే ఉండేవారు. వాళ్లది శ్రీకాకుళం వైపు. నేను అదే ఊళ్లో కద్మా అనే పేటలో ఒక తెలుగు బడిలో నాలుగో తరగతి చెప్పేదాన్ని. రేకుల కప్పు, వరసగా అయిదు గదులు, చివర హెడ్మాస్టరు గారి గది. నా క్లాసు ఆ గదికి పక్కనే. మధ్యలో గోడ పైకంటా లేదు, ఒక మూర వదిలేశారు. ఇటు మాట్లాడింది అటు వినబడేది.

పిల్లలంతా విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం నుంచి పనికోసం వచ్చినవాళ్ల పిల్లలు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేవారు. తెలుగు రాత సరిగా రావాలని నేను వారానికి రెండుసార్లు డిక్టేషన్ పెట్టేదాన్ని.

నా ఉద్యోగం టెంపరరీ. ఆ మార్చిలో బడి కమిటీ కూర్చుని నన్ను ఉంచాలో తీసెయ్యాలో తేల్చాలి. అప్పటికే సెలవులు ఎక్కువయ్యాయని హెడ్మాస్టరు సూర్యనారాయణ గారు రెండుసార్లు పిలిచి చెప్పారు. చెడ్డమనిషి కాదు. కానీ ఆయనకి గడియారమే దేవుడు.

నా క్లాసులో రమణమ్మ అని తొమ్మిదేళ్ల పిల్ల ఉండేది. సన్నగా, రెండు జడల్లో ఒకటి ఎప్పుడూ ఊడిపోయి ఉండేది. మూడో పీరియడు అయ్యేసరికి తల బల్లమీద వాల్చేసేది. లేపితే లేచేది, మళ్లీ వాలిపోయేది. నిలబెడితే గోడకి భుజం ఆనించి నిలబడే నిద్రపోయేది. ఒకసారి కోపం పట్టలేక అరచేతి మీద స్కేలుతో కొట్టాను. ఏడవలేదు. దెబ్బ తిన్న చేతిని ఒళ్లో పెట్టుకుని మళ్లీ కళ్లు మూసింది.

"రాత్రిళ్లు ఏం చేస్తావే నువ్వు?" అంటే తల దించుకునేది. పక్కపిల్ల "మిస్, ఇస్‌కీ మా మర్ గయీ" అంది. వాళ్లమ్మ దసరాకి ముందు కామెర్లతో పోయిందని నాకూ తెలుసు. అంతకుమించి అడగాలని నాకు తోచలేదు. పిల్ల బళ్లో నిద్రపోతోంది, శ్రద్ధ తీసుకోండి అని వాళ్ల నాన్నకి ఒక చీటీ మాత్రం రాసి పంపాను. జవాబు రాలేదు.

ఇక ఆ రోజు సంగతి.

ముందురాత్రి మా అత్తగారికి ఆయాసం వచ్చింది. ప్రతి చలికాలం వచ్చేదే, కానీ అంత గట్టిగా ఎప్పుడూ రాలేదు. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే నడుం నిలవదు. నా భుజానికి ఆవిడ వీపు ఆనించుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. మధ్యమధ్యలో వేణ్ణీళ్లు తాగించడం, వీపు రాయడం. ఒక్క నిమిషం కూడా కన్ను మూయలేదు. మా ఆయనది సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ. కంపెనీ సైరను భోంపు మోగి, డ్యూటీ దిగి, ఆరున్నరకి సైకిలు గోడకానించాక గాని నేను లేవలేదు. అప్పటికి ఆవిడకి కొంచెం నెమ్మదించింది.

సెలవు పెట్టేస్తానన్నాను. ఆవిడే ఒప్పుకోలేదు.

"నువ్వెల్లమ్మా. ఆ మేస్టరు ఊరుకోడు. నాకేటీ అవదు. నా కొడుకొచ్చినాడు కదా."

నేను వెళ్లాను. కాఫీ రెండు గ్లాసులు తాగాను. ముఖం మూడుసార్లు కడుక్కున్నాను. చన్నీళ్లు తగిలినంతసేపూ తెలివిగా ఉండేది, తుడుచుకోగానే మళ్లీ మొదటికొచ్చేది.

బస్సు సాక్చీ గోల్‌చక్కర్ చుట్టూ తిరగడం గుర్తుంది. మంచులో ఏ షిఫ్టు దిగిన సైకిళ్లో, ఎన్ని వందలో, చప్పుడు లేకుండా పారుతున్న నీళ్లలా కిటికీ పక్కనుంచి వెళ్లాయి. వాళ్లందరూ మఫ్లర్లు చుట్టుకుని ఉన్నారు. ఒక్కరి ముఖమూ కనబడలేదు. బిష్టుపూర్ ఎప్పుడు దాటిందో తెలీదు. "దీదీ, కద్మా ఆ గయా" అని కండక్టరు నా ముందు సీటు మీద తడితే దిగాను. దిగాక కాళ్లు నేలమీద ఆనుతున్నట్టు అనిపించలేదు. పరుపు మీద నడిచినట్టుంది.

రాత్రంతా మేలుకుని పనికి వెళ్లినవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. పొద్దున్న ఒకలాంటి ఉత్సాహం ఉంటుంది. అన్నీ మరీ స్పష్టంగా కనిపిస్తాయి. ఫరవాలేదు, గట్టెక్కేస్తాననుకుంటాం. పదిన్నర దాటాక అది దిగిపోతుంది.

మొదటి రెండు పీరియడ్లు లెక్కలు. కూర్చుంటే నిద్రపోతానని కుర్చీని గోడవైపు తిప్పేసి, నిలబడే చెప్పాను. పంటికింద లవంగం పెట్టుకున్నాను. బోర్డుమీద భాగహారం చేస్తూ ఒకచోట అయిదు రాయబోయి మా అత్తగారి పేరులో మొదటి అక్షరం రాశాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వి తుడిచేశాను.

మూడో పీరియడు తెలుగు. నోటితో పాఠం చెప్పే ఓపిక లేదు. డిక్టేషన్ అయితే పుస్తకం చూసి చదివితే చాలనుకున్నాను. ఎడారి గురించి, ఒంటె గురించి ఒక పాఠం ఉండేది. ఆ పేజీ తీసి పట్టుకుని, "పుస్తకాలు తియ్యండి, డిక్టేషన్" అన్నాను. ఈ మాట అన్నట్టు నాకు బాగా గుర్తుంది.

తూర్పువైపు కిటికీలోంచి ఎండ పడుతోంది. మొదటి రెండు బెంచీల మీద, పిల్లల చేతుల మీద, నా చీర కుచ్చెళ్ల మీద. చలికాలపు ఎండ కదా, వెచ్చగా ఉంది. సుద్దపొడి ఆ ఎండలో పైకీ కిందకీ మెల్లగా తేలుతోంది. నేను కిటికీ చువ్వకి భుజం ఆనించాను.

ఆ తర్వాత నాకు గుర్తున్నది చాలా తక్కువ. ఎవరో చదువుతున్నారు. ఆ గొంతు నాదేనని తెలుసు, కానీ పక్కవీధిలోంచి వస్తున్నట్టుంది. నాకేమీ కష్టంగా లేదు. ఇంత హాయిగా అంతకుముందెప్పుడూ లేననిపించింది. ఇంకొకటి, ఎక్కడో సన్నని చప్పుడు. వాన కాదు. ఇసుక జల్లెడ పడుతున్నట్టు, ఆగి ఆగి, ఒక లెక్క ప్రకారం. బయట కట్టుబడి పనేదో జరుగుతోందనుకున్నాను. ఆ చప్పుడు వింటూ ఎండలో నిలబడి ఉన్నాను. అంతే.

గంట కొట్టారు. ఉలిక్కిపడ్డాను. పుస్తకం నా చేతిలో ఒంటె పాఠం దగ్గరే తెరిచి ఉంది. పిల్లలు పెన్సిళ్లు పెట్టేసి నావంకే చూస్తున్నారు. మామూలుగా గంట వినబడగానే గోల చేస్తారు. ఆ రోజు ఒక్కరూ కదల్లేదు.

రమణమ్మ నిద్రపోలేదు. నిటారుగా కూర్చుని ఉంది. ఆ పీరియడులో ఆ పిల్ల కళ్లు తెరిచి ఉండగా చూడడం నాకదే మొదలు. లేచి నిలబడి, "టీచరమ్మా, మా ఇంట్లో సేట నేదు. పల్లెం అయితే అవదా?" అని అడిగింది.

నాకేమీ అర్థం కాలేదు. ఏదో నిద్రలో మాట్లాడుతోందనుకున్నాను. మాట్లాడే ఓపిక లేక, "అవుతుందిలే, కూర్చో" అన్నాను.

పుస్తకాలు దిద్దడానికి సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లాను. అత్తగారు కులాసాగా కూర్చుని మజ్జిగన్నం తింటున్నారు. ఆరింటికి మంచమెక్కాను. తెల్లారి అయిదింటికి లేచాను. సంచి ముట్టుకోలేదు. దాన్ని అలాగే భుజాన వేసుకుని బడికి వెళ్లాను.

హెడ్మాస్టరు గారి గది ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా, కాళ్లకి కంపెనీ బూట్లు, ముఖం మీద వారం రోజుల గడ్డం. పక్కన రమణమ్మ. ఆయన చేతిలో నోటుపుస్తకం ఉంది. అది ఆ పిల్ల ఇంట్లో రాసుకునే రఫ్ పుస్తకం. డిక్టేషన్‌ని మళ్లీ అందులో ఎక్కించుకున్నట్టుంది. ఆయన నాకు దండం పెట్టలేదు, తిట్టనూ లేదు. హెడ్మాస్టరు గారే అందర్నీ లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"ఇతను అప్పారావు, రమణమ్మ తండ్రి. మీరు నిన్న పాఠంలో లేనిదేదో రాయించారంటున్నాడు" అన్నారు ఆయన.

"ఒంటె పాఠం రాయించానండీ" అన్నాను నేను. అబద్ధం చెబుతున్నానని నాకు తెలీదు.

అప్పారావు పుస్తకం బల్లమీద పెట్టాడు. "మీరు మా ఆడమనిసిని ఎరుగుదురా అమ్మా?"

"తెలీదండీ. ఎప్పుడూ చూడలేదు."

"మరైతే ఈ మాటలు మీకెవులు సెప్పినారు?"

నేను చదివాను. వెంటనే నా సంచిలోంచి పిల్లల పుస్తకాలు తీశాను. ఒకటి, రెండు, అయిదు, పది. హెడ్మాస్టరు గారు కూడా తియ్యడం మొదలుపెట్టారు. అన్నింట్లోనూ అదే. ఒంటె అన్న మాట ఎక్కడా లేదు. పిల్లల తప్పులు పిల్లలవే. ఒకరు దీర్ఘం వదిలేశారు, ఒకరు ఒత్తు మింగేశారు. వాక్యం అయ్యాక నేను "చుక్క" అంటాను. ఒకడు ఆ చుక్కని కూడా అక్షరాల్లో రాసేశాడు. కానీ మాటలు అవే, వరసా అదే. నాకిప్పటికీ కంఠతా వచ్చు.

సిట్టీ, తమ్ముడు ఏడిత్తే ఎత్తుకోని తిప్పకు. నీ నడుం ఇరిగిపోద్ది. ఆడికి ఆకలి కాదు. సేటలో సోలెడు బియ్యం పోసుకోని ఆడి తలకాడ కూకో. నెమ్మదిగా సెరుగు. ఆ సప్పుడు ఇంటే తొంగుంటాడు. ఆడు తొంగున్నాక కూడా కాసేపు సెరుగు. ఆ మీదట నువ్వూ తొంగో. నువ్వు సిన్నపిల్లవి. తెల్లారినాక నాన్న నేపుతాడు.

పక్క గదిలో పిల్లలు ఎక్కం చదువుతున్నారు.

తర్వాత అప్పారావే చెప్పాడు. ఏడాదిన్నర బాబున్నాడు వాళ్లకి. తల్లి పోయిన దగ్గర్నుంచీ రాత్రిళ్లు ఏడుపే. అతను పగలంతా ఠేకేదారు అనే కాంట్రాక్టరు కింద బరువులు మోసి వచ్చి, స్పృహ లేకుండా పడిపోతాడు. పిల్లాణ్ని భుజాన వేసుకుని తెల్లవార్లూ గదిలో తిప్పేది రమణమ్మే. పగలు పక్కింటి ముసలమ్మ చూస్తుంది, రమణమ్మ బడికి వస్తుంది. నేను రాసిన చీటీ అందింది. అది చూశాకే నిర్ణయించుకున్నాడట, వచ్చే ఆదివారం పిల్లాణ్ని ఖరగ్‌పూర్‌లో పిల్లల్లేని చెల్లెలికి ఇచ్చేద్దామని. దత్తతకే. తిరిగి తెచ్చుకోవడం ఉండదు.

"నిన్న ఇది ఇంటికొచ్చి పల్లెంలో బియ్యం పోసి ఊపడం మొదలెట్టినాది. ఆడు ఇంకా ఏడిసినాడు. పిచ్చెక్కిందేటే అని కేకలేసినాను. పక్కింటికెల్లి సేట తెచ్చినాది. అంతే అమ్మా. రెండు నిమిసాలు అవనేదు. ఆడు కళ్లు మూసీసినాడు." అతను అరచేత్తో గడ్డం రుద్దుకున్నాడు. "ముగ్గురం తొంగున్నాం. పొద్దున్న నేనే నేపినాను దీన్ని. తొలీసారి."

హెడ్మాస్టరు గారు అడిగారు. "మీ ఆవిడ అలా చెరిగి పడుకోబెట్టేదా?"

"నేను ఎప్పుడూ సూళ్లేదండి." మాకు కాకుండా నేలకి చెబుతున్నట్టు చెప్పాడు. అతని భార్య జుగ్‌సలాయిలో ఒక బియ్యం గోడౌనులో బియ్యం బాగుచేసే పనికి వెళ్లేది. అతను డ్యూటీకి, రమణమ్మ బడికి వెళ్లాక, పిల్లాణ్ని చంకనేసుకుని వెళ్లి, వాళ్లు వచ్చేలోగా తిరిగొచ్చేసేది. భార్య కూలికెళ్లడం అతనికి ఇష్టముండదని ఆవిడ చెప్పలేదు. ఆవిడ పోయిన పదోనాడు గోడౌనులో తోటిమనిషి ఒకామె పలకరించడానికి వస్తే అప్పుడు తెలిసింది. నామోషీ వేసి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కూతురికీ చెప్పలేదు.

"ఇంకోటి. దీన్ని అందరం రవణా అంటాం. సిట్టీ అని దాన్ని దాని అమ్మొక్కర్తే పిలిచేది. అదీ జడలేసినప్పుడే."

అప్పుడు రమణమ్మ ముఖం చూశాను. నామీద భయం గాని, వింతగాని లేవు. నేను మంచి మార్కులేస్తానా లేదా అని చూస్తున్నట్టు చూస్తోంది.

నాకేం జరిగిందో నాకు తెలీదని, ముందురాత్రి నిద్ర లేదని, డిక్టేషన్ చెప్పినంతసేపూ ఒళ్లు తెలీలేదని చెప్పాను. ఉద్యోగం పోయినా పోతుందని తెలిసే చెప్పాను. హెడ్మాస్టరు గారు అప్పారావునీ పిల్లనీ పంపించేసి, నన్ను కూర్చోమన్నారు. ఆయన కూతురు శారద కూడా నా క్లాసే. వాళ్లది గుంటూరు. ఆ పిల్ల ఇంట్లో మంచి తెలుగు మాట్లాడుతుంది, రాతలో అచ్చుతప్పు ఉండదు. శారద పుస్తకం తీసి ఆయన ముందు పెట్టాను. అందులోనూ "సేట" అనే ఉంది, "తొంగో" అనే ఉంది. మిగతా పిల్లలైతే ఇంట్లో పలికినట్టు రాశారనుకోవచ్చు. శారద అలా రాయదు.

ఆయన ఆ పేజీ వంక చూస్తూ, "నిన్న ఇటునుంచి విన్నాను. మీకు జలుబు చేసి గొంతు మారిందేమో అనుకున్నాను" అన్నారు. కమిటీకి చెప్పలేదు. మార్చిలో నన్ను పర్మనెంటు చేశారు. తర్వాత పన్నెండేళ్లు ఆయన కిందే పనిచేశాను. ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నేను ఊరుకోలేకపోయాను. ఆ ఆదివారం మా ఆయన్ని వెంటబెట్టుకుని జుగ్‌సలాయి వెళ్లాను. పలకరించడానికి వచ్చిన ఆమె ఫూల్‌మణి అని అప్పారావు చెప్పాడు. గోడౌను వెనక నీడలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు చేటలు పట్టుకుని కూర్చున్నారు. అక్కడ అడుగు పెట్టగానే ఆ చప్పుడు విన్నాను. అది కట్టుబడి పనిది కాదని అప్పుడు తెలిసింది. మా ఆయన చేయి గట్టిగా పట్టుకున్నాను.

ఫూల్‌మణిని అప్పారావు పిల్లాడి గురించి అడిగితే ఒకటే నవ్వు. పుట్టిన నెలన్నర నుంచీ వాణ్ని బస్తాలమీద పడుకోబెట్టేవారట. "సూప్ కీ ఆవాజ్ బంద్, బచ్చా చాలూ" అంది. చేట చప్పుడు ఆగితే చాలు, పిల్లాడు లేచి మొదలెట్టేవాడట. అందుకని వీళ్లంతా వంతులేసుకుని మరీ చెరిగేవారట. ఈ మాట అప్పారావుతో చెప్పావా అని అడిగాను. చెప్పలేదంది. చావింటికి వెళ్లి ఇలాంటివి ఎవరు చెబుతారంది.

ఆ తర్వాత ఎన్ని రకాలుగా ఆలోచించానో. సిటీ బస్సులో ఆ గోడౌను ఆడవాళ్లెవరో మాట్లాడుకుంటుంటే నా చెవిన పడిందేమో. ఆ యాస మా అత్తగారిదే కాబట్టి, రాత్రంతా విన్న మాటలు నా నోట అలా వచ్చాయేమో. రమణమ్మ నిద్రలో ఏదైనా పలవరిస్తే విన్నానేమో. కానీ పిల్లకే తెలియనిది ఎలా పలవరిస్తుంది? నేనెప్పుడూ జుగ్‌సలాయి వెళ్లనే లేదు. నిద్ర లేకపోతే మనసు ఏవేవో కల్పిస్తుందని మా నాన్న ఉత్తరం రాశాడు. నిజమే. అయితే అది నా మనసుకి తెలిసినవాటితో కదా కల్పించాలి.

అప్పారావు ఖరగ్‌పూర్ ప్రయాణం మానేశాడు. బాబు వాళ్ల దగ్గరే ఉన్నాడు. రమణమ్మ మొదటి బెంచీకి మారింది. రెండు జడలూ గట్టిగా ఉండేవి, పక్కింటి ముసలమ్మ వేసేదట. నేనా పిల్లని కొట్టినందుకు ఒకరోజు క్షమించమని అడిగాను. తప్పు తనే చేసినట్టు సిగ్గుపడిపోయింది.

కానీ ఇంకో సంగతి మొదలైంది. రోజూ పొద్దున్న నేను క్లాసులోకి రాగానే నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగేది.

"టీచరమ్మా, రాత్రి తొంగున్నారా?"

పడుకున్నానమ్మా అంటే, "ఊఁ" అని వెళ్లి కూర్చునేది. ముఖంలో వెలుగు తగ్గేది. హెడ్మాస్టరు గారి గదిలో నేను చెప్పిందంతా ఆ పిల్ల విన్నది కదా. నిద్ర లేనిరోజే వాళ్లమ్మ మాట వచ్చిందని తనకి తాను తేల్చుకుంది. డిక్టేషన్ రోజున కొత్తగా చెక్కిన పెన్సిలు తెచ్చుకుని, నేను నోరు తెరిచేదాకా నా పెదాలవైపే చూసేది. నేను పుస్తకంలో వాక్యం మొదలుపెట్టగానే తల వంచి రాసుకునేది.

నెల గడిచింది. ఇంక నావల్ల కాలేదు. ఒకరోజు కావాలనే రాత్రంతా మేలుకున్నాను. మా ఆయనకి కోపం వచ్చింది. "ఏటి సేత్తన్నావో నీకు తెలుత్తందా?" అన్నాడు. తెలీదన్నాను. పాత గుడ్డలన్నీ ముందేసుకుని కుడుతూ కూర్చున్నాను. అదే బస్సెక్కాను. అలాగే నిలబడి లెక్కలు చెప్పాను. మూడో పీరియడులో అదే కిటికీ దగ్గర, అదే ఎండలో నిలబడ్డాను. "పొద్దున్న అడిగావు కదా. రాత్రి పడుకోలేదు" అన్నాను రమణమ్మతో. ఆ పిల్ల వెన్ను నిటారైంది.

కళ్లు సగం మూశాను. ఎవరినని పిలవను? పేరు కూడా నాకు తెలీదు. రామ్మా, ఈ పిల్లకి ఇంకొక్క మాట చెప్పమ్మా అనుకున్నాను మనసులో. దెయ్యాల్ని నమ్మని మనిషిని, నలభై మంది పిల్లల ముందు అలా అనుకున్నాను. చాలాసేపు నిలబడ్డాను. సుద్దపొడి ఎండలో తేలుతోంది. ఏ చప్పుడూ వినబడలేదు. చివరికి నా నోట వచ్చింది నదుల పాఠం. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, మొదటి వాక్యం నుంచి చివరిదాకా.

రమణమ్మ అంతా రాసింది. పుస్తకం తెచ్చి చూపించింది. ఒక్క తప్పు లేదు. మార్కు వేద్దామని ఎర్ర కలం తీస్తే అక్షరాలు రెండేసిగా కనబడ్డాయి. కళ్లలో నీళ్లో, నిద్రో తెలీదు.

"నాకేమీ రాలేదమ్మా" అన్నాను.

ఆ పిల్ల కాసేపు నా ముఖం చూసింది. తర్వాత నా చేతిలోంచి ఎర్ర కలం మెల్లగా తీసి బల్లమీద పెట్టింది.

"మీరు తొంగోండి టీచరమ్మా. నేను అందర్నీ సూత్తాను" అంది.

వెనక్కి తిరిగి, నోటిమీద వేలు పెట్టి క్లాసువంక చూసింది. నేను బల్లమీద చేతులు పెట్టి తల వాల్చాను. మధ్యాహ్నం గంట కొట్టేదాకా నన్నెవరూ లేపలేదు. లేచి చూస్తే నలభై మంది పిల్లలూ కూర్చున్నచోట కూర్చున్నట్టే ఉన్నారు. రమణమ్మ బోర్డు ముందు నిలబడి, ఇంకా వేలు నోటిమీదే పెట్టుకుని ఉంది. గుమ్మంలో హెడ్మాస్టరు గారు నిలబడి చూస్తున్నారు. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

ఆ మర్నాటి నుంచి రమణమ్మ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నాకు మాత్రం ఇన్నేళ్లయినా, ఆ మొదటిరోజు ఆ కిటికీ దగ్గర నేను ఏం చేశానో, నా గొంతుతో ఎవరు మాట్లాడారో తెలీదు. తెలుసుకునే దారి కూడా నాకు కనబడలేదు.